గేదెల పుణ్యవతి పేర్లపెట్టె

ఒడిశాలో, బరంపురం లంజిపల్లిలో ఆటో దిగి “పేర్లక్క ఇల్లెక్కడ?” అని అడిగితే తెలుగువాళ్ళయినా ఒడియావాళ్ళయినా ఠక్కున చెయ్యి చూపిస్తారు. గేదెల పుణ్యవతి ఇల్లు అంటే మాత్రం కాసేపు బుర్ర గోక్కుంటారు. ఊరందరి పేర్లూ సరిచేసిన మనిషి పేరు ఊరికి సరిగ్గా తెలియదు. చిన్నప్పట్నుంచీ ఆమెకి అదే యోగం.

పుణ్యవతి పుట్టింది దిగపహండి దగ్గర పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మనవాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు. ఒడియావాళ్ళు దాన్ని సాంగియా అంటారు, పేరు చివర రాస్తారు. ఈ చిన్న తేడా తెలియని ఒడియా మాస్టారొకాయన హాజరుపట్టీలో “గేదెల పుణ్యవతి” అని చూసి, మొదటి మాటే పిల్ల పేరనుకున్నాడు. “గేదెలా, ఠియా హుఅ” అనేవాడు, లేచి నిలబడమని. ఆయనకి తెలుగు రాదు, పాపం, మనసులో ఏ పాడు ఉద్దేశమూ లేదు. కానీ క్లాసులో సగం మంది తెలుగు పిల్లలు. వాళ్ళకి రోజూ పండగే. బడికి ఉన్నది ఒకటే గది, రెండేళ్ళ తర్వాత చెల్లెలు కూడా అందులోనే చేరింది. అప్పట్నుంచి మాస్టారు పిలిస్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ లేచేవారు, గది గొల్లుమనేది.

ఒకరోజు ఇంటికొచ్చి తల్లి కాసులమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

“ఏటయిపోనాదే ఇప్పుడు? పాలిచ్చే జంతువే కదా, పులన్లేదు నిన్ను” అంది కాసులమ్మ.

నవ్వొచ్చింది గానీ ఏడుపు పోలేదు. ఐదేళ్ళు ఆ గదిలో పుణ్యవతి గేదెలగానే లేచింది, గేదెలగానే కూర్చుంది. సొంత పేరుతో పిలిపించుకోకపోవడం ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

తర్వాత బరంపురంలో కాలేజీ చదువు, ఆ తర్వాత కంప్యూటరు నేర్పే ఒక సంస్థలో పాఠాలు చెప్పే ఉద్యోగం. తండ్రి పోయాక తల్లిని తెచ్చి లంజిపల్లిలో తనదగ్గరే పెట్టుకుంది. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేది. ఆ సంగతి అంతటితో సరి, మనకీ అక్కర్లేదు.

1997లో ఆమె ఒక లైబ్రరీ రాసింది. పుస్తకాల లైబ్రరీ కాదు. నలుగురికీ పదేపదే అవసరమయ్యే పనిని ఒకరు కంప్యూటరు భాషలో రాసిపెడితే, మిగతావాళ్ళు తమ తమ ప్రోగ్రాముల్లోంచి దాన్ని పిలిచి పని చేయించుకుంటారు. దాన్ని కూడా లైబ్రరీ అనే అంటారు. ఈమెది పేర్ల లైబ్రరీ. “గేదెల పుణ్యవతి” అని ఇస్తే మొదటిది ఇంటిపేరు, రెండోదే మనిషి పేరని దానికి తెలుసు. ఒడియాలో ఎలా రాయాలో, ఇంగ్లీషులో ఏది ముందు రావాలో కూడా తెలుసు. దానికి పేర్లపెట్టె అని పేరు పెట్టి, ఫ్లాపీల్లో ఎక్కించి అడిగినవాళ్ళందరికీ ఊరికే ఇచ్చేసింది. బడుల హాజరుపట్టీలు, పెళ్ళి కార్డుల ప్రెస్సులు, సముద్రపొడ్డు పల్లెల సంఘాలు, అందరూ వాడుకున్నారు. పేర్లక్క అయిపోయింది అప్పుడే.

ఒక్కో మనిషికి ఒక్కో పెట్టె. పెట్టెలో నాలుగు అరలు. మొదటి అరలో ఇంటిపేరు, రెండో అరలో పేరు, మూడో అరలో తండ్రి పేరో భర్త పేరో. నాలుగోది ఖాళీ. ఒక్కో అరలో ముప్పైరెండు అక్షరాలు పడతాయి. నాలుగో అర ఎందుకు ఖాళీగా ఉంచావంటే తల్లి పోపులపెట్టె చూపించేది. కాసులమ్మ పోపులపెట్టెలో ఏడు గిన్నెల్లో ఒకటి ఎప్పుడూ ఖాళీయే. “రేపేటొస్తాదో ఎవులికి తెల్సు, ఒక్కటుండనీ” అనేది కాసులమ్మ.

పదమూడేళ్ళు పేర్లపెట్టె అలా నడిచింది. ముప్పైరెండు అక్షరాలు చాలక పొడుగు పేర్లు చివర తెగిపోయేవి. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

2010 వేసవిలో పట్టించుకోవలసి వచ్చింది. సముద్రంలో చేపలవేటకెళ్ళే ప్రతి మనిషికీ కొత్త గుర్తింపు కార్డు ఉండాలన్నారు. కార్డు మీద పేరు కాస్త కురచైనా సర్దుకుంటారట గానీ, సంఘాలు పైకి పంపే జాబితాలో మాత్రం నిండు పేర్లు, తెగకుండా, ఉండాలి. ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు దాకా సముద్రంలో వేట నిషేధం. జూన్ ఒకటిన పడవలు దిగేనాటికి కార్డులు చేతిలో ఉండాలి.

భువనేశ్వర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్న ధర్మలింగం ఫోన్ చేశాడు. ఒకప్పుడు పుణ్యవతి దగ్గరే పాఠాలు నేర్చుకున్నవాడు.

“మేడం, పేర్లపెట్టె అరలు పెద్దవి చేసేద్దాం. పనిలో పనిగా పెట్టెకి మూత వేసేయండి. లోపల ఏది ఎక్కడుందో బయటోళ్ళకి కనిపించకూడదు. కావాల్సింది కిటికీ దగ్గరికొచ్చి అడగాలి, మనం అందివ్వాలి. అప్పుడు లోపల మనం ఎలా సర్దుకున్నా ఎవరికీ నొప్పుండదు.”

సలహా మంచిదే. ఇన్నాళ్ళూ పెట్టె మూత లేకుండా ఉంది. ఎవరైనా చెయ్యి పెట్టి రెండో అరలోంచి నేరుగా తీసుకోవచ్చు. అలా తీసుకునేవాళ్ళున్నంత కాలం అరల్ని అంగుళం కదపడానికి లేదు. పుణ్యవతి ఉత్సాహంగా కూర్చుని వారంలో పని ముగించింది. ఒక్కో అరకి అరవైనాలుగు అక్షరాలు, పైన మూత, ముందు చిన్న కిటికీలు. ‘పేరు ఇవ్వు’ అని కిటికీ దగ్గర అడిగితే పేరొస్తుంది. తన పనికి తనే ముచ్చట పడింది. గోపాల్‌పూర్ దాటాక ఉన్న బెస్తల పల్లెలో సంఘానికి మొదట పంపింది. పాత ప్రోగ్రాము అలాగే ఉంచి, పక్కనున్న లైబ్రరీ ఫైలు ఒక్కటి మార్చుకోమంది.

ఆ హుషారులోనే తల్లి వంటగది కూడా సర్దింది. కాసులమ్మకి అప్పటికి చూపు బాగా మందగించింది. పాత పోపులపెట్టె సొట్టలు పడిందని తీసి అటకెక్కించి, కొత్తది కొనుక్కొచ్చింది. ఒక్కో గిన్నెకీ విడిగా మూత ఉన్నది, చూడ్డానికి ముద్దుగా ఉన్నది.

మే మొదటివారంలో సంఘం కార్యదర్శి సోములు బస్సెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదైనవాడు. చేతిసంచీలోంచి అచ్చువేసిన కార్డుల కట్ట తీసి, తనది పైకి వచ్చేలా బల్లమీద పెట్టాడు.

“అక్కా, కోపగించుకోకు గానీ ఓసారి ఇది సూడు.”

చూసింది. పేరు: సూరాడ. తండ్రి పేరు: సోములు. రెండో కార్డు. పేరు: సూరాడ. తండ్రి పేరు: మసేను. మూడోదీ సూరాడే, పదోదీ సూరాడే. ఆ పల్లెలో ముప్పాతిక మంది ఇంటిపేరు సూరాడ. ఒక్కడికీ సొంత పేరు లేదు. ఎవడి పేరు వాడికే తండ్రయి కూర్చుంది.

“మా ఎర్రమ్మ సూసి ఒకటే నవ్వడం. నీకు నువ్వే పుట్టేసినావేటి అని” అన్నాడు సోములు. భార్య నవ్విందని చెప్పాడు గానీ తను నవ్వలేదు. “పదకొండొందల నలభై మందిమక్కా. ఒకటో తారీకున దిగాల.”

పుణ్యవతికి ఎక్కడ తేడా కొట్టిందో వెంటనే తెలిసింది. సంఘం ప్రోగ్రాము కిటికీ దగ్గరికి రావడం లేదు. కార్డు అచ్చువేసేటప్పుడు నేరుగా పెట్టెలో చెయ్యి పెడుతోంది. పాత అలవాటున ముప్పైరెండు అక్షరాలు దాటి రెండో అర అనుకున్నచోట తడుముతోంది. అక్కడ ఇప్పుడు పెద్దదైన మొదటి అరలోని ఖాళీ భాగం ఉంది. ఇంకో ముప్పైరెండు దాటి, తండ్రి పేరనుకుని మనిషి పేరు పట్టుకుంటోంది.

“ఈ ప్రోగ్రాము రాసింది వైకుంఠరావు గారే కదా?”

“ఆయనే. పోయి రెండేళ్ళయిపోనాది. ఆయన రాసుకున్న ఫ్లాపీలు బూజట్టీసినాయి. నడిసేదొక్కటే మిగిలింది మా కాడ.”

వైకుంఠరావు ఆ పల్లెలో పనిచేసి రిటైరైన బడిపంతులు. రాసిన మూలప్రతి లేనిదే ప్రోగ్రామును సరిదిద్దలేరు. ఫొటోలు, వేలిముద్రలు, ప్రింటరు, అన్నీ దానికే అలవాటు. కొత్తగా రాయాలంటే మూడు నెలలు. చేతిలో ఉన్నవి మూడు వారాలు.

ధర్మలింగానికి ఫోన్ చేసింది. అతను కొట్టిపారేశాడు.

“వాళ్ళ తప్పు మేడం. లోపల చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు? పెట్టినవాళ్ళు అనుభవిస్తారు. మనం ఎన్నని కాచుకుంటాం?”

ఆమెకీ మొదట అలాగే అనిపించింది. అయినా ఒకసారి చూద్దామని, 1997లో ఫ్లాపీతో పాటు ఇచ్చిన కాగితాలు బీరువాలోంచి తీసింది. సైక్లోస్టైల్ చేసిన ఆరు పేజీలు. మూడో పేజీలో ‘మనిషి పేరు కావాలంటే ఇలా తీసుకోండి’ అని ఒక ఉదాహరణ ఉంది. నేరుగా రెండో అరలో చెయ్యి పెట్టడమే అది. రాసింది ఎవరో కాదు, తనే.

పుణ్యవతికి సిగ్గేసింది. వైకుంఠరావు తప్పు చెయ్యలేదు. అక్క చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చేశాడు. పదమూడేళ్ళ తర్వాత అక్క మాట మార్చింది. అంతకంటే ఎక్కువగా గుచ్చుకున్నది ఇంకోటి. ఇంటిపేరు చూసి అదే పేరనుకుని పిలిచిన మాస్టారి మీద ఇన్నేళ్ళూ కచ్చ పెట్టుకుంది కదా, ఇప్పుడు తనే పదకొండొందల మందిని ఇంటిపేరుతో నిలబెట్టింది.

సోముల్ని భోజనానికి ఉండమంది. వంటింట్లోకి వెళితే కాసులమ్మ పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది. కొత్త పోపులపెట్టె ఎదురుగా ఉంది, మూతలన్నీ ఊడదీసి ఉన్నాయి. చారులో ఆవాలకు బదులు మెంతులు పడి చేదెక్కింది.

“ఏటమ్మా, అడిగితే నాను తీసి ఇద్దును కదా.”

“రోజుకెన్నిమార్లడిగేది నిన్ను? నీ కొత్త పెట్టె మంచిదే, కాదన్ను. నా సెయ్యికే తెల్దు. పాతదాన్లో సెయ్యెడితే ఆవాలు ఆవాల్లాగే దొరికీవి.” మూతలన్నీ పక్కకి నెట్టేసింది. “ఉన్నయ్యి ఉన్నసోటే ఉంచియ్యే, పుణ్యం. నీకు కొత్తగా ఏటి కావాలో ఆ కాళీ గిన్నెలో ఎట్టుకో.”

పుణ్యవతి ముందు అటకెక్కి పాత పోపులపెట్టె దించింది. తర్వాతే అన్నం తింది. చేదు చారు సోములు వంక పెట్టకుండా రెండుసార్లు పోయించుకున్నాడు.

తల్లి చెప్పింది వంటింటికి ఎంత సరిపోయిందో పేర్లపెట్టెకీ అంతే సరిపోయింది. మొదటి మూడు అరలూ ఎక్కడివి అక్కడ, ముప్పైరెండు అక్షరాలతోనే ఉంచేసింది. పాతవాళ్ళు చెయ్యి పెడితే పాత సరుకే తగులుతుంది. నిండు పేర్లున్న పెద్ద అరల్ని కంప్యూటరులో వేరే చోట ఎవరికీ కనబడకుండా పెట్టి, అవెక్కడున్నాయో చెప్పే చిరునామా ఒక్కటి నాలుగో ఖాళీ అరలో రాసింది. కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళకి లైబ్రరీ ఆ చిరునామా చూసుకుని నిండు పేరు తెచ్చిస్తుంది. కార్డులు పాత దారిలో, పైకి పంపే జాబితా తను విడిగా రాసిన చిన్న ప్రోగ్రాముతో కొత్త దారిలో. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

పదిహేనో తారీకున ఆ కొత్త ఫైలు పట్టుకుని తనే పల్లెకి వెళ్ళింది. సంఘం గదిలో కిటికీ తీస్తే సముద్రం గాలి. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు గుమ్మం దగ్గర చేరారు. ప్రోగ్రాము మొదలైంది. సూరాడ అప్పయ్య, తండ్రి అసిరయ్య. సూరాడ దేముడు, తండ్రి కూర్మయ్య. ఎవరి పేరు వాళ్ళకి వచ్చింది. గుమ్మం దగ్గర నవ్వులు. పదహారు దాకా చక్కగా నడిచి, పదిహేడో మనిషి దగ్గర ప్రోగ్రాము గుటుక్కుమంది.

మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పదిహేడు దగ్గరే ఆగింది. పదిహేడో మనిషి సూరాడ సోములు. పక్కన కూర్చున్నవాడే.

“నాలోనే ఏదో ఉందక్కా” అన్నాడు సోములు.

పుణ్యవతి ఓపిగ్గా తవ్వింది. పదిహేడో పెట్టెలో, తను చిరునామా రాసిన నాలుగో అరలో, చిరునామా లేదు. దాని మీద ఇంకెవరో ఒక మాట రాసేశారు, లైబ్రరీ ఆ మాటనే చిరునామా అనుకుని వెతకబోయి పడిపోతోంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే ‘దీపం’ అని వచ్చింది.

“దీపం ఏటి?”

గుమ్మం దగ్గరున్న ముసలాయన మసేను గట్టిగా నవ్వాడు. “ఈడే. దీపం సోములు. మా ఊల్లో సూరాడ సోములులు ఐదుగురమ్మా. ఈడి తాత ఓడలకి దారి సూపే దీపం కాడ కాపలా ఉండీవోడు, అందుకని దీపం సోములు. ఇంకోడు చుక్కాని సోములు. ఇంకోడు తోటకూర సోములు, ఎందుకో అడక్కు.”

సోములు జేబులోంచి పాత కార్డు తీసి ఇచ్చాడు. పేరు కింద సన్నటి అక్షరాల్లో ‘దీపం’ అని ఉంది. ఆ కార్డు ఆమె ఇంతకు ముందూ చూసింది, అదేదో వీధి పేరనుకుంది. ఎవరినీ అడగలేదు.

“వైకుంఠరావు మాస్టారు ఓ మజ్జానం ఈ అరుగు మీదే కూకున్నాడు” అన్నాడు సోములు. “ఒకే పేరున్న నలభైముగ్గుర్నీ ఒక్కొక్కన్నే పిలిసి, నిన్నేటని పిలుస్తారురా అని అడిగి రాసుకున్నాడు. పేర్లక్క ఒక అర కాళీగా ఉంచీసింది, మనకోసమే ఉంచినట్టుంది అన్నాడు.”

పుణ్యవతి ఆ పాత కార్డు మళ్ళీ చదివింది. తాను ఖాళీ అనుకున్న అరలో పదేళ్ళుగా నలభైముగ్గురు మనుషులున్నారు. వైకుంఠరావు బతికుండగా ఆయన చేసిన పనిని ఒక్కసారి కూడా దగ్గర కూర్చుని చూడలేదు కదా అని నిజంగా బాధ కలిగింది.

ఆ అర ఇంక తనది కాదు. పోనీ ఐదో అర చేర్చుదామా అంటే దానికీ వీల్లేదు. వైకుంఠరావు పదకొండొందల నలభై పెట్టెల్నీ సందు లేకుండా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాడు. ఒక పెట్టెను పొడిగిస్తే పక్కదాని మీద ఎక్కుతుంది.

ఇంటికొచ్చి మర్నాడు పొద్దున్న ధర్మలింగానికి చెప్పింది. అతను నిట్టూర్చాడు. “ఒక్క ఊరి కోసం ఇంత అవసరమా మేడం? ఆ నలభైముగ్గురి మారుపేర్లు పోతే పోనివ్వండి. కార్డులో అసలు పేరు వస్తుంది కదా.”

“ఐదుగురు సోములుల్లో ఏ సోములో నీకెలా తెలుస్తుంది, ధర్మలింగం? సముద్రంలో ఒకడు రాకపోతే ఏ ఇంటికెళ్ళి చెప్తావు?”

“అయితే ఏం చేద్దామంటారు?” అన్నాడు అతను. గొంతులో ఈసారి చదువుకునే రోజుల్లోని వినయం ఉంది.

చేసింది చెప్పడానికి చిన్నదే. పెట్టెను అస్సలు ముట్టుకోలేదు. నాలుగు అరలూ వైకుంఠరావు వాడుకున్నట్టే వదిలేసింది. పెట్టెలో చిరునామా దాచడం మాని, లైబ్రరీ తన దగ్గరే ఒక పట్టీ పెట్టుకుంది. ఫలానా చోట ఉన్న పెట్టె తాలూకు నిండు పేరు ఫలానా చోట ఉంది అని అందులో రాసుకుంటుంది. కిటికీ దగ్గర అడిగినప్పుడు పట్టీ చూసి తెచ్చిస్తుంది. పాత ప్రోగ్రాము అరలో ఏమైనా దిద్దితే దాన్ని కూడా గమనించి పట్టీలో సరిచేసుకుంటుంది. ఈ పని జరుగుతోందని పెట్టెకి తెలియదు, పెట్టెలో చెయ్యి పెట్టేవాళ్ళకీ తెలియదు. కొత్తగా వచ్చేవాళ్ళకి మాత్రం పెట్టె లోపల చూపించడం మానేసింది. వాళ్ళకి కిటికీలే. ఆ కిటికీల్లో ఒకటి కొత్తది, ‘మారుపేరు ఇవ్వు’. నాలుగో అరకి ‘ఖాళీ’ అన్న పేరు కొట్టేసి ‘మారుపేరు’ అని రాసింది. పక్కన ఒక వాక్యం చేర్చింది: ఈ అరను ఇలా వాడవచ్చని కనిపెట్టినది వైకుంఠరావు మాస్టారు.

ఇరవయ్యారో తారీకున సంఘం గదిలో పదకొండొందల నలభై కార్డులూ ఆగకుండా అచ్చయ్యాయి. పదిహేడోది వచ్చినప్పుడు సోములు ప్రింటరు పక్కనే నిలబడి వేడి వేడి కార్డు అందుకున్నాడు. పైకి పంపే జాబితా కూడా తెగని పేర్లతో వెళ్ళింది.

జూన్ ఒకటిన పుణ్యవతి వంటింట్లో ఉంది. కాసులమ్మ పాత పోపులపెట్టెలో చెయ్యి పెట్టి చూడకుండానే ఆవాలు తీసి నూనెలో వేసింది. ఫోన్ మోగింది. అవతల సముద్రం హోరు, మనుషుల కేకలు, మధ్యలో సోములు గొంతు.

“అక్కా, పడవలు దిగతన్నాయి. ఒడ్డుకాడ ఆపీసరొకాయనొచ్చి అందర్నీ కూకోబెట్టి కార్డులు సూస్తన్నాడు. ఒడియా ఆయన. కార్డు సూసి ఒక్కొక్కన్నే పిలస్తన్నాడు. ఎప్పుడూ సూరాడా, సూరాడా అని మందనంతా ఓపాలి పిలిసీవోరు కదా.”

“ఇప్పుడేటని పిలిసినాడు?”

“సోములు అన్నాడక్కా. కింద సూసుకుని, దీపం సోములు అన్నాడు. నానొక్కన్నే లేచినాను.”

పుణ్యవతి ఫోన్ పెట్టేసింది. ఎవరు, ఏటన్నారు అని తల్లి అడుగుతోంది. కళ్ళు తుడుచుకుని, “ఏం లేదమ్మా. మాస్టారు హాజరు తీసుకున్నాడు” అంది.